పౌర్ణమి దాకా

నవంబరు 28, శుక్రవారం

అఫ్జల్ ఇంకా రాలేదు.

నవంబరు 29

నిన్న ఆ ఒక్క మాట రాసి డైరీ మూసేశాను. ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. రాసి చూసుకుంటే ఎక్కడ వెతకాలో తట్టవచ్చు.

ముసురు పట్టి చాలా రోజులైంది. ఏరు పొంగి ఎర్రనీళ్ళు ఉప్పుమడుగులోకి దిగుతున్నాయి. మడుగు నడుమ, తిప్ప పక్కన, అఫ్జల్ పీతల పెట్టెలు నీళ్ళలో కట్టి ఉన్నాయి. కొనుక్కొచ్చిన పీతల్ని కండ పట్టేదాకా వాటిలో ఉంచి చెన్నై లారీకి ఎక్కిస్తాడు. నిన్న మధ్యాహ్నం నేను గ్రామ సచివాలయంలో ఉండగా ఫోన్ చేశాడు.

"పెట్టెలు తెగిపొయ్యేట్టుండాయి ఇర్ఫానా. హెబ్రోనును తీసుకోని పోయి లాక్కొస్తా."

"సరే, తొందరగా రా" అన్నాను. వద్దనలేదు. వద్దనాలని తోచలేదు కూడా. ఎన్నిసార్లు వెళ్ళలేదు!

సాయంత్రం హెబ్రోను ఒక్కడే వచ్చాడు. పడవ అతనిదే. ఒళ్ళంతా నత్తగుల్లల గీతలు. మా వాకిట్లో నిలబడి లోపలికి రాలేదు.

"తిప్ప కాడ పడవ తిరగబడిందమ్మా. నేను వలగుంజ పట్టుకున్నా. అఫ్జలన్న పెట్టె పట్టుకోని ఉండినాడు. మొగ దిక్కు పోతా ఉంటే చూసినా. అరిచినా. వాన జోరులో మళ్ళా కనపళ్ళా."

మామ కొట్టంలో సగం చేసిన పడవ దగ్గర ఉన్నాడు. చేతిలో బాడిస అలాగే ఉంది. కొడుకు సంగతి వినగానే అడిగింది ఒకటే.

"మొగ మూసుకోనే ఉండాది గదా?"

"మూసుకోనే ఉండాది మామా" అన్నాడు హెబ్రోను.

"అట్టయితే సముద్రంలోకి పోలేడు."

పోలేడు. అది నిజం. మడుగుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఒక్క దారీ, ఆ మొగ, పోయిన ఎండాకాలమే ఇసుకతో పూడిపోయింది. అప్పటినుంచి పాళెమంతా ఆ ఇసుకను తిట్టని రోజు లేదు. పడవలు సముద్రంలోకి పోలేక, రొయ్య మడుగులోకి రాలేక. నేను కూడా ఎన్ని అర్జీలు పంపానో. ఇప్పుడు ఆ ఇసుకకట్టే నాకు దిక్కు. అది ఉన్నంతవరకూ అఫ్జల్ లోపలే ఉంటాడు.

పెళ్ళయిన కొత్తలో అడిగాడు, "ఇసుకను తెచ్చేది సముద్రమే గదా, మళ్ళీ అదే ఎత్తుకపోదా?" అని. ఇంజనీరింగ్ అసిస్టెంటు పెళ్ళాం దొరికిందని ఊరికే పరీక్షలు పెట్టేవాడు. చెప్పాను. మన మడుగు లోతు లేనిది. సముద్రం పోటు పరుగెత్తుకుంటూ లోపలికి వస్తుంది, నీళ్ళు వెనక్కి దిగే పాటు తీరిగ్గా పోతుంది. పరుగులో ఎత్తుకొచ్చిన ఇసుకను తీరిగ్గా పోయే నీళ్ళు మోయలేవు, లోపలే దించేస్తాయి. దాన్ని బయటికి నెట్టగలిగేది వానాకాలపు ఏరు ఒక్కటే. రెండేళ్ళు ఏరు ఎండితే ఇసుకదే పైచేయి.

"మీ ఊరు సంగం నుంచి మీ అమ్మ తెచ్చే సామాన్ల మాదిరి. వస్తాయి, పోవు" అన్నాడు.

ఇప్పుడు ఏరు వచ్చింది. కానీ కట్ట మరీ ఎత్తయిపోయింది. నీళ్ళు పోవడానికి దారి లేక మడుగు నిండుతోంది.

ఈరోజు పడవలన్నీ మొగ వైపు పంపాను. హెబ్రోను చూసింది అటే. అఫ్జల్‌కు ఈత వచ్చు. పెట్టె తేలుతుంది. ఎక్కడో ఒక దిబ్బ ఎక్కి ఉంటాడు.

నవంబరు 30

మొగ దగ్గర లేడు. తిప్ప మీద లేడు. తిప్పే లేదు, మునిగిపోయింది.

రేపు మళ్ళీ మొగ వైపే వెతకమన్నాను.

మధ్యాహ్నం పద్మనాభయ్య వచ్చాడు. పాళేనికి పెద్ద. అఫ్జల్ గురించి కాసేపు మాట్లాడి, తల వంచుకుని అసలు మాట ఎత్తాడు.

"కింది వీధిలోకి నీళ్ళొచ్చినాయమ్మా. మొగ కొట్టాల, ఇసుక తవ్వి నీళ్ళు సముద్రంలోకి వదలాల. రోడ్డు పని కాడ పొక్లెయిన్ ఉండాది, మాట్లాడినా. డీఈ గారికి ఫోన్ చేస్తే, మీ ఊళ్ళోనే ఇంజనీరమ్మ ఉంది, ఆమె ఏ దినం అంటే ఆ దినం కొట్టుకోండన్నాడు."

నేను చెప్పాను. ఇప్పుడు అష్టమి రోజులు, సముద్రం సరిగ్గా దిగదు. ఇప్పుడు కొడితే నీళ్ళకు జోరుండదు. దారి సన్నగా పడి, మరుసటి పోటుకు మళ్ళీ ఇసుక పూడుతుంది. పౌర్ణమికి పాటు బాగా దిగుతుంది, అప్పుడు కొడితే దారి దానంతట అదే వెడల్పవుతుంది. పౌర్ణమి దాకా ఆగుదాం.

పద్మనాభయ్య నా ముఖం వైపు చూశాడు. కాసేపు చూశాడు. తర్వాత తలూపాడు.

"సరే తల్లా. నువ్వు చెప్పినట్టే."

డీఈ గారికి కూడా ఫోన్లో ఇదే చెప్పాను. మంచి ఆలోచనే అన్నారు.

నేను చెప్పిందాంట్లో తప్పేం లేదు. చదువుకున్నదే చెప్పాను. పుస్తకాల్లో అలాగే ఉంటుంది.

డిసెంబరు 1

పౌర్ణమి దాకా ఆగడమే మంచిది.

అమ్మ వచ్చింది. బస్సులు లేక ఎవరిదో ట్రాక్టరు ఎక్కి వచ్చింది. వచ్చీ రాగానే అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. తిన్నాను. కక్కాను.

"ఈ నీళ్ళు తగ్గితే గదా అబ్బయ్య యాడుండాడో కనపడేది" అంది. తగ్గేటప్పుడు నీళ్ళు ఏమేం తీసుకుపోతాయో అమ్మకు తెలియదు. సంగంలో ఆనకట్ట కింద పెన్న చూసిన మనిషి. మొగ తెగడం చూడలేదు. నేను ఒకసారి చూశాను, ఉద్యోగంలో చేరిన ఏడాది. గంటలో ఒక దున్నపోతు, రెండు పడవలు, ఎవరి ఇంటి తలుపో, అన్నీ సముద్రంలోకి జారిపోయాయి. మళ్ళీ ఏదీ ఒడ్డుకు రాలేదు.

సాయంత్రం వాన తెరిపి ఇస్తే ఇసుకకట్ట మీదికి వెళ్ళి కూర్చున్నాను. ఒక పక్క సముద్రం, ఒక పక్క మడుగు. మడుగే ఎత్తుగా ఉంది. బాగా ఎత్తుగా ఉంది. అరచేత్తో ఇసుక తట్టి చూశాను. తడిగా, గట్టిగా ఉంది. నిలుస్తుంది.

డిసెంబరు 1, మళ్ళీ

ఎవరూ నన్నేమీ అడగడం లేదు. పౌర్ణమి దాకా అంటే పౌర్ణమి దాకా అని ఊరుకున్నారు. కింది వీధి ఇందిరమ్మక్క ఇంట్లో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయట. బాలింత కోడల్ని, బిడ్డను బడికి చేర్చి, తను మాత్రం ఇల్లు వదలనని మంచం మీద మంచం వేసుకుని కూర్చుందట.

ఇంకా మూడు రోజులే.

డిసెంబరు 2

తెల్లవారుతూనే ఇందిరమ్మక్క ఇంటి వెనకగోడ కూలింది. మట్టిగోడ, నాని నాని కూర్చుంది. ఆమె కాలు దాని కింద పడింది.

నేను వెళ్ళేసరికి బడి వరండాలో పడుకోబెట్టారు. మోకాలి కింద ఎముక బయటికి కనిపిస్తోంది. పడవలో రోడ్డు దాకా తీసుకెళ్ళి అక్కడినుంచి ఆటోలో ఆసుపత్రికి పంపాలి. పడవ వచ్చేలోపు నేను ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. నొప్పితో పళ్ళు కొరుకుతూ కూడా నన్నే ఓదారుస్తోంది.

"అబ్బయ్య దొరుకుతాడులేమ్మా. ఏడవబాకు."

"ఎల్లుండి మొగ కొట్టేస్తారక్కా" అన్నాను. "పౌర్ణమికి పాటు బాగా..."

"పౌర్ణమి లేదు, ఏం లేదు." కళ్ళు మూసుకునే అంది. "మడుగు ఇంత ఎత్తున నిలబడి ఉంటే సముద్రం రవ్వంత తక్కువ దిగితే ఏంది, ఎక్కువ దిగితే ఏంది? మొగ తెగితే పిల్లోడు సముద్రంలోకి పోతాడని నీకు భయం. మాకు తెలీదా? పద్మనాభయ్య ఆ పొద్దే వచ్చి అందరికీ చెప్పినాడు. ఆ పిల్ల తన నోటితో తాను కొట్టండనే దాకా ఎవురూ పార ఎత్తబాకండి అన్నాడు."

ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. పడవ వచ్చింది. నలుగురు ఎత్తుకుని తీసుకెళ్ళారు. నేను అక్కడే ఉండిపోయాను.

వాళ్ళకు తెలుసు. మోకాటి నీళ్ళలో నిలబడి, పొయ్యిలు ఆరిపోయి, పిల్లల్ని బెంచీల మీద పడుకోబెట్టుకుని, నేను చెప్పిన అబద్ధానికి తలూపి నా కోసం ఆగారు.

అబద్ధం. ఇప్పుడు రాశాను.

బడి మెట్ల దగ్గరే పద్మనాభయ్య కనిపించాడు. "రేపు కొట్టండన్నా" అన్నాను. ఎందుకని అడగలేదు.

"ఏ పొద్దుకమ్మా?"

"పాటు మొదలయ్యాక."

ఇంటికొచ్చి మామకు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఒక్క దినం ఆగమను తల్లా. ఇన్ని దినాలు ఆగినారు. ఇంకొక్క దినం. రేపు నేను గూడా పడవెక్కి పోతా. నేను పిలిస్తే పలుకుతాడు వాడు."

"ఇందిరమ్మక్క కాలు పోతుందేమో మామా."

చెయ్యి వదిలేశాడు. కొట్టంలోకి వెళ్ళి సగం పడవలో, పక్కటెముకల్లాంటి ఆ చెక్కల మధ్య, పడుకున్నాడు.

డిసెంబరు 3

కొట్టేశారు.

మొగకు అడ్డంగా వల కట్టారు. నేను అడగలేదు. వెళ్ళేసరికే హెబ్రోను, అతని తమ్ముళ్ళు రెండు దరులా తాటిమొద్దులు పాతి పెద్ద వల బిగించి ఉన్నారు. "అన్న వస్తే దీంట్లో ఆగుతాడు" అన్నాడు హెబ్రోను. నా వైపు చూడకుండా అన్నాడు.

పొక్లెయిన్ ఇసుక తోడుతుంటే మిగతావాళ్ళు పారలతో సాయం పట్టారు. మొదట పిల్లకాలువంత నీళ్ళు ఇసుక మీద పాకుతూ వెళ్ళాయి. తర్వాత అంచులు వాటంతటవే విరిగి పడడం మొదలైంది. డ్రైవరు బండిని వెనక్కి తీసుకున్నాడు. ఇక మనుషులు చెయ్యాల్సిందేమీ లేదు. రోడ్డంత వెడల్పు, చెరువంత వెడల్పు. హోరుకు పక్కనున్న మనిషి మాట వినపడలేదు. నాకు తెలిసినదంతా కళ్ళముందు జరిగింది. ఏళ్ళ తరబడి పోటు మోసి తెచ్చిన ఇసుకను ఏరు ఒక్క పూటలో విసిరి పారేసింది. అష్టమి, పౌర్ణమి ఏవీ అడ్డం రాలేదు.

గుర్రపుడెక్క వచ్చింది. తాటాకు కప్పులు వచ్చాయి. చచ్చిన మేక వచ్చింది. అఫ్జల్ పెట్టె ఒకటి వచ్చి వలకు కొట్టుకుని పగిలింది. నల్లగా ఏది కనిపించినా వల వైపు పరుగెత్తేదాన్ని. ప్రతిసారీ ఇంకేదో అయ్యేది.

చెత్త బరువుకు వల కడుపులా ఉబ్బింది. మొద్దుల కింద ఇసుకే కరిగిపోతోంది. హెబ్రోను నడుముకు తాడు కట్టుకుని రొమ్ము లోతు నీళ్ళలో దిగి చేతుల్తో చెత్త లాగుతున్నాడు. అతను నిలబడ్డ దరి విరిగింది. మునిగాడు, తేలాడు, వల పట్టుకుని వేలాడాడు.

"వల కొయ్యండి!" అని అరిచాను.

"వద్దమ్మా! రవ్వంత సేపు!" అని నీళ్ళలోంచి అతను.

పద్మనాభయ్య మచ్చుకత్తి పట్టుకుని నన్నే చూస్తున్నాడు. హెబ్రోనుకు ఇద్దరు ఆడపిల్లలు. గట్టు మీదే నిలబడి ఉన్నారు.

"కొయ్యన్నా" అన్నాను.

ఒక్క వేటు. వల, మొద్దులు, పెట్టె, అన్నీ ఒక్కసారే పోయాయి. హెబ్రోనును తాడుతో లాగారు. ఇసుకలో బోర్లా పడి పెద్దగా ఏడ్చాడు. సముద్రంలో ఎర్రనీళ్ళు నాలుకలా సాగి సాగి దక్షిణానికి తిరిగాయి. నేను ఆ కొస కనిపించినంతవరకూ చూశాను.

నేనే పంపించేశాను.

డిసెంబరు 4

పౌర్ణమి. కింది వీధిలో నీళ్ళు లేవు.

డిసెంబరు 5

దొరికాడు.

సముద్రంలోకి పోలేదు. మొగ దాకా కూడా పోలేదు. ఏరు వచ్చి మడుగులో కలిసే మూల, మడ చెట్లలో ఉన్నాడు. నీళ్ళు దిగి బురద బయటపడితే హెబ్రోను చూశాడు.

మూసిన మొగ వైపు ప్రవాహం ఎక్కడుంటుంది? వచ్చిన నీళ్ళు ఎదురుగా కొంత దూరం తోసుకుపోయి, దారి లేక పక్కలకు మళ్ళి, ఒడ్డు వెంట వెనక్కి తిరుగుతాయి. నిదానించిన చోట మోస్తున్నదంతా దించుతాయి. అందుకే ఆ మూలలో ఏటేటా ఒండ్రు పెరుగుతోంది. అందుకే అక్కడ మడ చెట్లు మొలిచాయి. సచివాలయం గోడకున్న ఆ మ్యాపు గీసింది నేనే. ఇక్కడ ఒండ్రు చేరుతుంది అని బాణం గుర్తు పెట్టింది నేనే. రోజూ పడవలన్నిటినీ మొగ వైపు పంపింది నేనే.

వద్దంటున్నా హెబ్రోను పడవలో వెళ్ళాను. నడుము దాకా కొత్త ఒండ్రులో కూరుకుపోయి, చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. ముఖం గురించి రాయను. తువ్వాలు అతని ముంజేతికీ చెట్టు మొదలుకూ కలిపి చుట్టి ఉంది.

"నీళ్ళే చుట్టినాయమ్మా" అన్నాడు హెబ్రోను. "ప్రవాహానికి గుడ్డ అట్టానే చిక్కుకుంటాది. నీళ్ళే చుట్టినాయి."

ముడి ఉందేమో, తనే కట్టుకున్నాడేమో చూద్దామని వంగాను. నా చెయ్యి తగలకముందే అతను కత్తితో తువ్వాలు కోసి బురదలోకి తొక్కేశాడు.

చెట్ల ఆకుల మీద నీళ్ళు నిలిచిన గీత నా తలకన్నా ఎత్తున ఉంది. శుక్రవారం మడుగులో ఇన్ని నీళ్ళు లేవు. శుక్రవారం అక్కడ మనిషి నిలబడితే నడుము దాకా వచ్చి ఉంటాయి. శనివారం రొమ్ము దాకా. ఆదివారమే మొగ కొట్టనిచ్చి ఉంటే...

డిసెంబరు 7

నిన్న జరిగింది ఈరోజు రాస్తున్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ వనజాక్షి గారు పోస్టుమార్టం ముగించి బయటికి వచ్చారు. మామ బెంచీ మీద ఉన్నాడు. నేను ఆమె వెనకే నడిచి వెళ్ళి అడిగాను.

"ఏ రోజు పోయాడో తెలుస్తుందా మేడం?"

"ఎందుకమ్మా ఇప్పుడు అవన్నీ?"

"తెలియాలి మేడం."

ఆమె నన్ను చూసింది. నా వెనక మామను, తలుపు దగ్గర నిలబడ్డ హెబ్రోనును చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మొదటి రోజేనమ్మా. నీళ్ళలో పడిన కాసేపటికే."

"నిజంగానా?"

"నిజంగానే."

అద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె రాకముందు హెబ్రోను లోపలికి వెళ్ళి వచ్చాడని నాకు తెలుసు. ఏం మాట్లాడాడో తెలియదు. అడగలేదు.

"విన్నావు గదా తల్లా, మొదటి దినమే" అన్నాడు మామ. "ఎక్కువ కష్టపళ్ళా."

ఇంటి దగ్గర అఫ్జల్‌కు స్నానం చేయించారు. నీళ్ళు మీద పోస్తే చాలు, రుద్దొద్దన్నారు. నాకు కూడా ఒక చెంబు ఇచ్చారు. ఎన్ని పోసినా జుట్టులోంచి, చెవుల్లోంచి సన్నటి ఒండ్రు వస్తూనే ఉంది. ఇంక చాలు అన్నారు. ఇంకో చెంబు పోశాను.

ఇసుకలో గొయ్యి నిలవకుండా అంచులు విరిగి పడుతుంటే, మామ సగం చేసిన పడవ విప్పేసి ఆ చెక్కలు పంపాడట. నాలుగు పక్కలా అవి నిలబెట్టాక గొయ్యి నిలిచిందట. పద్మనాభయ్య కొడుకులే తవ్వారని అమ్మ చెప్పింది.

సాయంత్రం నుంచి ఇంటినిండా మనుషులు. కింది వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. వాళ్ళ ఇళ్ళలో ఇంకా బురద తోడలేదు. ఇందిరమ్మక్కను కట్టు కట్టించి మంచంతో సహా మోసుకొచ్చారు. కాలు నిలిచింది కానీ ఇక నేరుగా నడవలేదట. ఆమె మంచం నా పక్కన దించారు. నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది.

"మొదటి దినమే పొయినాడంట గదమ్మా. డాక్టరమ్మే చెప్పిందంట."

గుమ్మం దగ్గర పద్మనాభయ్య కూడా అదే అన్నాడు. అతని వెనక ఉన్నవాళ్ళూ అదే అన్నారు. మొదటి దినమే, మొదటి దినమే. అందరూ నా ముఖమే చూస్తున్నారు.

నేను పౌర్ణమి దాకా అన్నప్పుడు వాళ్ళు నన్ను నమ్మినట్టే తలూపారు. నేనూ తలూపాను.